లేక్ టాహోలో నాలుగు రోజులు: పెద్దవాళ్లకు విశ్రాంతి, కుర్రవాళ్లకు రాత్రి సందడి. ఎక్కడ దిగాలి?

కృష్ణాతీరం (శాన్‌హోసే)

అందరికీ నమస్కారం. ఆగస్టు 21 గురువారం బయలుదేరి 24 ఆదివారం తిరిగి వచ్చేలా లేక్ టాహో ప్రయాణం పెట్టుకున్నాం. తెనాలి నుంచి అమ్మానాన్న వచ్చి ఉన్నారు. నాన్నకు మోకాళ్ల నొప్పులు, అమ్మకు రక్తపోటు. మేమిద్దరం, నాలుగేళ్ల పాప. మా పిన్ని కొడుకులు ఇద్దరూ వస్తున్నారు. పెద్దవాడు ఉద్యోగంలో ఉన్నాడు, చిన్నవాడు శాక్రమెంటోలో ఎమ్మెస్ చదువుతున్నాడు. ఇద్దరికీ ఇరవై ఒకటి నిండాయి.

చిక్కంతా ఇక్కడే. తమ్ముళ్లకు కాసినోలు, సంగీతం, అర్ధరాత్రి దాకా సందడి కావాలి. అమ్మానాన్నలకు నీళ్ల పక్కన ప్రశాంతంగా కూర్చునే చోటు కావాలి, నడక తక్కువ ఉండాలి. దక్షిణ తీరంలో దిగితే మంచిదా, ఉత్తర తీరంలోనా? రెండు చోట్ల గదులు తీసుకొని విడిపోవడం నాకు ఇష్టం లేదు. అందరం ఒకే ఇంట్లో ఉండాలనే కదా ఈ ప్రయాణం. బాగా తెలిసినవారు చెప్పండి.

సియెర్రా శారద (ఫాల్సమ్)

కృష్ణాతీరం గారూ, మీ అవసరానికి దక్షిణ తీరమే సరైనది. మాకు టాహో దగ్గర కాబట్టి ఇండియా నుంచి ఎవరు వచ్చినా తీసుకెళ్తుంటాం. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

సరస్సు మధ్యగా కాలిఫోర్నియా, నెవాడాల సరిహద్దు గీత పోతుంది. దక్షిణాన కాలిఫోర్నియా వైపు ఊరు సౌత్ లేక్ టాహో. గీత దాటగానే నెవాడా వైపు స్టేట్‌లైన్. పెద్ద కాసినోలన్నీ ఆ గీతను ఆనుకొని వరుసగా నిలబడి ఉంటాయి. కాలిబాట మీద నడుస్తూ నడుస్తూ రాష్ట్రం మారిపోతారు. కాబట్టి కాలిఫోర్నియా వైపు, హైవే 50కి రెండు మూడు వీధులు లోపల, కాసినోలకు నడిచి వెళ్లేంత దూరంలో ఇల్లు తీసుకోండి. తమ్ముళ్లు రాత్రి నడిచి వెళ్లి నడిచే వస్తారు. కారు తాళాలు మీ దగ్గరే ఉంటాయి. హైవే మోత లోపలి వీధుల్లోకి పెద్దగా రాదు, పెద్దవాళ్లు నిద్రపోతారు.

ఇల్లు చూసేటప్పుడు ఫోటోల్లో మెట్లు లెక్కపెట్టండి. మంచు ఎక్కువ పడే ఊరు కావడంతో చాలా ఇళ్లు నేల నుంచి ఎత్తుగా కడతారు. వాకిట్లోనే పది పన్నెండు మెట్లు, పడకగదులు పై అంతస్తులో. మీ నాన్నగారి మోకాళ్లకు అదే పెద్ద పరీక్ష అవుతుంది. కింది అంతస్తులో ఒక పడకగది, దాని పక్కనే స్నానాల గది ఉన్న ఇల్లు దొరికితే మిగతావి సర్దుకోవచ్చు.

పైన్‌చెట్టు (రీనో)

శారద గారితో విభేదిస్తున్నాను. టాహోకు వెళ్లి కాసినోల పక్కన ఇల్లు తీసుకోవడమంటే నాకు మనసొప్పదు. 6,225 అడుగుల ఎత్తున, 1,645 అడుగుల లోతున, చలికాలంలో కూడా గడ్డకట్టని సరస్సు అది. అమెరికాలో దానికంటే లోతైనది ఆరెగాన్‌లోని క్రేటర్ లేక్ ఒక్కటే. అక్కడ నాలుగు రోజులు ఉండే అవకాశం వస్తే పశ్చిమ తీరంలో గానీ ఉత్తర తీరంలో గానీ దిగాలి.

టాహో సిటీ చూడండి. అరవై మూడు వాగులు, ఏర్లు సరస్సులోకి వస్తాయి. బయటికి పోయేది మాత్రం ఒక్క ట్రకీ నది, అది టాహో సిటీలోనే మొదలవుతుంది. ఆ నీరు సముద్రం చేరదు. రీనో మీదుగా పారి నెవాడా ఎడారిలోని పిరమిడ్ లేక్‌లో కలిసి అక్కడే ఆగిపోతుంది. వేసవిలో ఆ నదిలో గాలి పడవల మీద నెమ్మదిగా తేలుతూ వెళ్తారు. ఆదివారం సాయంత్రాలు కామన్స్ బీచ్‌లో సంగీత కచేరీ ఉంటుంది, పచ్చిక మీద దుప్పటి పరుచుకొని వినవచ్చు, టికెట్టు లేదు.

ఇంకొకటి. ఈశాన్య తీరంలోని ఇన్‌క్లైన్ విలేజ్ నుంచి శాండ్ హార్బర్ దాకా సరస్సు అంచునే మూడు మైళ్ల నున్నటి బాట 2019లో తెరిచారు. పాప బండి తోసుకుంటూ పెద్దవాళ్లతో ఎంత దూరం కావాలంటే అంత నడిచి వెనక్కి తిరగవచ్చు. శాండ్ హార్బర్‌లో జూలై, ఆగస్టుల్లో సరస్సుకు ఎదురుగా ఆరుబయట రంగస్థలం మీద షేక్‌స్పియర్ నాటకాలు వేస్తారు. నాటకం సాగుతుండగా వెనక సరస్సు మీద చీకటి పడుతుంది. రాత్రి వినోదమంటే నాకు అదీ.

సియెర్రా శారద (ఫాల్సమ్)

పైన్‌చెట్టు గారూ, మీరు చెప్పిన చోట్లన్నీ నాకూ ఇష్టమే. పగలు వెళ్లి చూసి రావచ్చు. నా భయం అర్ధరాత్రి ప్రయాణం గురించి. టాహో సిటీలో దిగితే తమ్ముళ్లిద్దరూ స్టేట్‌లైన్‌కు వెళ్లి రావడానికి హైవే 89 మీద ఎమరాల్డ్ బే పైనుంచి రావాలి. గంట దారి. అక్కడ రోడ్డు కొండ అంచున సన్నగా సాగుతుంది, కొన్ని మలుపుల్లో పక్కన రెయిలింగ్ కూడా లేదు. పగటిపూటే స్టీరింగ్ గట్టిగా పట్టుకొని నడిపే దారి అది. రాత్రి ఒంటిగంటకు, తాగినా తాగకపోయినా, నిద్ర కళ్లతో ఆ దారిలో పిల్లలు వస్తుంటే ఇంట్లో ఎవరికి నిద్ర పడుతుంది? తల్లిదండ్రుల విశ్రాంతి కూడా దీని మీదే ఆధారపడి ఉంది.

రాత్రిపక్షి (ఫ్రీమాంట్)

నేను తమ్ముళ్ల తరఫున మాట్లాడతాను. ఉత్తర తీరంలో క్రిస్టల్ బే దగ్గర చిన్న కాసినోలు ఉన్నాయి గానీ, వాళ్లు కోరుకునే సందడి స్టేట్‌లైన్‌లోనే ఉంది.

కాలిఫోర్నియాలో బార్లలో రాత్రి రెండింటికి మద్యం ఆపేస్తారు. నెవాడాలో ఆ నియమం లేదు, కాసినోలు ఇరవై నాలుగు గంటలూ నడుస్తాయి. అందుకే రెండు దాటాక కాలిఫోర్నియా వైపు బార్లలోంచి జనం గీత దాటి నెవాడా వైపుకు నడుస్తుంటారు. వారాంతాల్లో డీజే సంగీతం, నృత్యం రాత్రి పది దాటాకే ఊపందుకుంటాయి, కాబట్టి తొమ్మిదింటికే వెళ్లి నిరాశపడవద్దని చెప్పండి. 2023లో తెరిచిన టాహో బ్లూ ఈవెంట్ సెంటర్‌లోనూ, కాసినోల పక్కన ఆరుబయట వేదిక మీదా వేసవి కచేరీలు ఉంటాయి. కచేరీ ఉన్న రోజు హైవే 50 మీద వాహనాలు కదలవు. మీ తేదీల్లో ఏముందో ముందే చూసుకోండి.

గురువారం మీరు తొందరగా చేరుకోగలిగితే లేక్‌వ్యూ కామన్స్‌కు అందరూ వెళ్లండి. వేసవి గురువారాల్లో సరస్సు ఒడ్డున ఉచిత సంగీతం ఉంటుంది. పాప గంతులు వేస్తుంది, పెద్దవాళ్లు కుర్చీ వేసుకొని సూర్యాస్తమయం చూస్తారు, తమ్ముళ్లకు అదే తొలి రాత్రి. ఊళ్లో తిరగడానికి లేక్ లింక్ అనే ఉచిత వాహనం ఉంది. ఫోనులో పిలిస్తే దగ్గరికే వస్తుంది. అయితే అది పగటికి, సాయంత్రానికి పనికొస్తుంది, అర్ధరాత్రి తిరుగు ప్రయాణానికి దాన్ని నమ్ముకోవద్దు.

ఇద్దరూ అసలు పాస్‌పోర్టు గానీ అమెరికా డ్రైవింగ్ లైసెన్సు గానీ జేబులో పెట్టుకోవాలి. ఫోనులో ఫోటో చూపిస్తే చాలాచోట్ల లోపలికి పంపరు.

లెక్కలబడి (డబ్లిన్, కాలిఫోర్నియా)

చదువుకుంటున్న తమ్ముడికి మూడు మాటలు చెప్పండి. పన్నుల పని చేసేవాణ్ని కాబట్టి ఇవి ఎన్ని ఇళ్లలో తలనొప్పి తెచ్చాయో దగ్గరుండి చూస్తుంటాను.

మొదటిది: ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద వచ్చినవారిని తొలి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు పన్ను లెక్కల్లో సాధారణంగా నాన్ రెసిడెంట్‌గానే చూస్తారు. స్లాట్ మెషీన్‌లో పెద్ద జాక్‌పాట్ తగిలితే అందులో 30 శాతం అక్కడికక్కడే పన్ను కింద కోస్తారు. అంతకుముందు పోగొట్టుకున్న డబ్బును అందులోంచి తీసివేయడానికి వాళ్లకు వీలు లేదు. భారత్‌తో ఉన్న పన్ను ఒప్పందం ఇందులో అక్కరకు రాదు. బ్లాక్‌జాక్, రూలెట్, క్రాప్స్, బకరా బల్లల మీద గెలిచినదానికి మాత్రం ఈ కోత వర్తించదు. ఆడమని నేను ప్రోత్సహించడం లేదు, నియమం అలా ఉందని చెబుతున్నాను.

రెండోది: తాగి కారు నడిపి పట్టుబడితే కేసు తేలకముందే వీసా రద్దు చేసే అధికారం అమెరికా విదేశాంగ శాఖకు ఉంది, చేస్తున్నారు కూడా. శారద గారు నడక దూరంలో ఇల్లు తీసుకోమన్న సలహా విలువ ఇక్కడ తెలుస్తుంది.

మూడోది: గంజాయి దుకాణాలు రెండు రాష్ట్రాల్లోనూ బహిరంగంగానే ఉంటాయి, ఇరవై ఒకటి దాటినవారికి రాష్ట్ర చట్టం అనుమతిస్తుంది. కేంద్ర చట్టం ప్రకారం అది ఇప్పటికీ నేరమే, వీసాలు చూసేది కేంద్రమే. విద్యార్థి ఆ దుకాణం గడప తొక్కకపోవడం మేలు.

ఇంట్లో బయలుదేరేటప్పుడే ఎంత పోగొట్టుకోవడానికి సిద్ధమో అంత నగదు మాత్రం తీసుకెళ్లి, కార్డులు ఇంట్లో పెట్టి వెళ్లమనండి. కాసినోలోని ఏటీఎం వసూలు చేసే రుసుమే చేదుగా ఉంటుంది.

గోదారిగట్టు (సియాటిల్)

రాత్రి గురించి అందరూ రాశారు, నేను పగటిపూట నీళ్ల గురించి రాస్తాను. మాది రాజమండ్రి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పాపికొండల పడవ మునిగినప్పుడు మా ఊరు ఎలా ఏడ్చిందో నాకు తెలుసు. అప్పటి నుంచి ఎవరు నీళ్ల దగ్గరికి వెళ్తామన్నా ఒక్క మాట చెప్పనిదే ఊరుకోలేను.

2025 జూన్ 21న టాహోలో ఉన్నట్టుండి వచ్చిన తుఫానులో డి.ఎల్. బ్లిస్ పార్కు దగ్గర ఒక మోటారు పడవ తిరగబడింది. పది మంది ఉంటే ఎనిమిది మంది పోయారు. ఎనిమిది అడుగులు, ఆపైన అలలు లేచాయట. పొద్దున అద్దంలా ఉండే సరస్సు అది. మధ్యాహ్నం అయ్యేసరికి నైరుతి గాలి లేస్తుంది, అది దాదాపు రోజూ ఉండేదే. కయాక్ (చిన్న తెడ్డు పడవ) గానీ నిలబడి తెడ్డు వేసే పలక గానీ ఎక్కాలంటే ఉదయం పదిన్నర లోపు ముగించుకొని ఒడ్డెక్కండి.

చల్లదనం అంతకంటే పెద్ద ప్రమాదం. ఆగస్టులో కూడా పై నీరు 18 నుంచి 21 డిగ్రీల మధ్య ఉంటుంది, కొద్ది అడుగుల కింద ఇంకా చల్లన. ఒక్కసారిగా దూకితే శరీరం ఉలిక్కిపడి నోరు తెరిచి గాలి పీలుస్తుంది. ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే నీరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చెరువులో, బావిలో ఈత నేర్చినవాళ్లకు కూడా ఇది జరుగుతుంది. రాళ్ల మీదనుంచి దూకే వీడియోలు చూసి కుర్రవాళ్లు ఉత్సాహపడతారు. ముందు మోకాళ్ల దాకా, తర్వాత నడుము దాకా దిగి, ఊపిరి కుదుటపడ్డాక ఈదమనండి. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ ఒంటి మీదే ఉండాలి, సీటు కింద కాదు. చిన్న పడవల్లో పదమూడేళ్లలోపు పిల్లలకు చట్టమే తప్పనిసరి చేసింది. రాత్రి మద్యం తాగినవాడిని మర్నాడు పొద్దున కయాక్ ఎక్కనివ్వకండి.

పాపకు పోప్ బీచ్ మంచిది. ఇసుక తీరం, చాలా దూరం వరకు లోతు తక్కువ, నీరు కూడా కొంచెం వెచ్చబడుతుంది.

కృష్ణాతీరం (శాన్‌హోసే)

అందరికీ ధన్యవాదాలు. దక్షిణ తీరం ఖాయం చేస్తున్నాను. గోదారిగట్టు గారూ, మీ మాటలు తమ్ముళ్లిద్దరికీ చదివి వినిపించాను.

ఇక అమ్మానాన్నల సంగతి. రాత్రి ఎనిమిదింటికి వాళ్లకు భోజనం పెట్టేసి ఇంట్లో పడుకోబెడితే, పాపను కూడా వాళ్లు చూసుకుంటారు కదా, అప్పుడు మేమిద్దరం కూడా కాసేపు బయటికి వెళ్లవచ్చని ఆలోచన. పగలు వాళ్ల కోసం ఏం పెట్టుకోవాలి? ఎమరాల్డ్ బే తప్పకుండా చూపించాలని ఉంది.

గంటస్తంభం అత్తయ్య (విజయనగరం, ప్రస్తుతం మా అబ్బాయి దగ్గర ఆస్టిన్‌లో)

బాబూ, ఒక తల్లిగా రాస్తున్నాను, ఏమీ అనుకోవద్దు. మీరందరూ ఇంత ప్రేమగా రాస్తున్నారు, చదువుతుంటే సంతోషంగా ఉంది. కానీ పెద్దవాళ్లంటే విశ్రాంతి, విశ్రాంతి అంటే ఎనిమిదింటికి పడక అని ఎవరు నిర్ణయించారు? మీ అమ్మగారిని అడిగారా?

మేము ఇక్కడికి వచ్చాక పగలంతా ఇంట్లోనే ఉంటాం. మీరు ఆఫీసు గదిలో తలుపు వేసుకుంటారు, మేము కిటికీలోంచి వీధి చూస్తాం. విశ్రాంతికి మాకు లోటేమీ లేదు. ప్రయాణం వెళ్లినప్పుడైనా దీపాల వెలుగు, జనం, సంగీతం చూడాలని మాకూ ఉంటుంది. కిందటిసారి మా అబ్బాయి ఇలాంటి చోటికే తీసుకెళ్లి మమ్మల్ని గదిలో ఉంచి వెళ్లాడు. మా వారు టీవీ చూస్తూ నిద్రపోయారు, నేను మాత్రం కిటికీ దగ్గరే కూర్చున్నాను. కింద వీధంతా వెలిగిపోతూ ఉంది.

ఒక రాత్రి మీరిద్దరూ బయటికి వెళ్లండి, పాపను వాళ్లు చూసుకుంటారు. ఇంకో రాత్రి మీలో ఒకరు పాపతో ఉండి, అమ్మానాన్నలను తీసుకెళ్లి చూపించండి. జూదం ఆడాల్సిన అవసరం లేదు, చూస్తే చాలు.

రాత్రిపక్షి (ఫ్రీమాంట్)

అత్తయ్యగారూ, ఈ చర్చ మొత్తంలో ఎవరికీ తట్టని మాట చెప్పారు. నమస్కారం.

కృష్ణాతీరం గారూ, పెద్దవాళ్లతో స్టేట్‌లైన్ సాయంత్రం ఇలా పెట్టుకోండి. ఆరున్నరకు హెవెన్లీ విలేజ్‌లో మొదలుపెట్టండి. కాలిఫోర్నియా వైపు, కొండ మీదికి తీగల మీద వెళ్లే గొండోలా ఎక్కే చోటున్న దుకాణాల వీధి అది. బెంచీలు ఉన్నాయి, ఐస్‌క్రీమ్ ఉంది, వేసవి వారాంతాల్లో పాటగాళ్లు పాడుతుంటారు. చీకటి పడ్డాక నెమ్మదిగా నడిచి గీత దాటండి. కాసినో లోపల ఒక చుట్టు తిరిగి బయటికి రండి. నెవాడా కాసినోల్లో సిగరెట్లు కాల్చనిస్తారు, పొగ పడనివారికి అరగంటే ఎక్కువ. పాపను వెంట తీసుకెళ్లాల్సి వస్తే ఆటల మధ్య నిలబడనివ్వరు, నడిచి దాటిపోవాలి.

అక్కడికి వెళ్లినప్పుడు మీ నాన్నగారికి ఒక కథ చెప్పండి. 1980 ఆగస్టులో హార్వీస్ హోటల్లోకి యంత్రం తెస్తున్నట్టు నటించి దాదాపు వెయ్యి పౌండ్ల డైనమైట్ ఉన్న పెట్టెను లోపల పెట్టి, ముప్పై లక్షల డాలర్లు ఇవ్వమని బెదిరించారు. ఎఫ్‌బీఐ దాన్ని నిర్వీర్యం చేయబోతే పేలిపోయింది. ముందే అందరినీ ఖాళీ చేయించడంతో ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. జూదంలో డబ్బంతా పోగొట్టుకున్న వ్యక్తి చేసిన పని అది.

సియెర్రా శారద (ఫాల్సమ్)

అత్తయ్యగారి మాట నాకు సూటిగా తగిలింది. మా అత్తగారిని కూడా ఈసారి అడుగుతాను.

పగటి సంగతి చెబుతాను. ఎమరాల్డ్ బేలో 1929లో కట్టిన వైకింగ్స్‌హోమ్ అనే భవనం ఉంది, స్కాండినేవియా కోట తరహాలో. దాని దగ్గరికి కొండ మీదనుంచి మైలు దూరం దిగాలి, తిరిగి ఎక్కాలి. మీ నాన్నగారికి అది వద్దు. రెండు మార్గాలున్నాయి. ఉదయం ఎనిమిది లోపు ఇన్‌స్పిరేషన్ పాయింట్‌కు చేరితే కారు ఆపుకోవడానికి చోటు దొరుకుతుంది, అక్కడి నుంచి బే మొత్తం, మధ్యలో సరస్సుకంతా ఉన్న ఒకే ఒక ద్వీపం ఫనెట్, దాని మీది రాతి గది కూడా కనిపిస్తాయి. లేదంటే నెవాడా వైపు జెఫైర్ కోవ్ నుంచి ఎం.ఎస్. డిక్సీ 2 అనే పెద్ద పడవ బే దాకా వెళ్లి వస్తుంది. మోకాళ్ల నొప్పి ఉన్నవారికి ఇదే సుఖం. కుర్చీలో కూర్చున్నవారి ముందు నీటి రంగు ముదురు నీలం నుంచి ఆకుపచ్చకు మారుతుంది.

గొండోలా ఎక్కించే ముందు ఆలోచించండి. 2.4 మైళ్ల ప్రయాణం, మధ్యలో దిగే వేదిక 9,123 అడుగుల ఎత్తున ఉంటుంది. టాహోలో తొలిరోజే కొందరికి తలనొప్పి వస్తుంది. మీ అమ్మగారికి రక్తపోటు ఉంది కాబట్టి డాక్టరును ఒక మాట అడిగి, మూడో రోజుకు పెట్టుకోండి. నీళ్లు బాగా తాగించండి.

తాతా మనవరాలు కలిసి చూడటానికి టేలర్ క్రీక్ దగ్గర ఒక మంచి ఏర్పాటు ఉంది. చిన్న చదును బాట, మధ్యలో నేల కిందికి దిగితే గాజు గోడ వెనక పారే వాగు, అందులో చేపలు. తెరిచే వేళలు చూసుకొని వెళ్లండి. పక్కనే టాలక్ దగ్గర వందేళ్ల కిందటి పాత భవనాలు, పైన్ నీడ, సరస్సు ఒడ్డున బల్లలు. మీ అమ్మానాన్న అక్కడ పూటంతా కూర్చుంటారు.

వంటిల్లు (రోజ్‌విల్)

ఎవరూ అన్నం మాట ఎత్తలేదు! ఆ ఎత్తులో నీళ్లు 100 డిగ్రీలకు మరగవు, 94 దగ్గరే మరుగుతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకుగానే ఉంటుంది. ప్రెషర్ కుక్కర్ తప్పక తీసుకెళ్లండి, ఇంట్లో కంటే రెండు కూతలు ఎక్కువ రానివ్వండి, పప్పు ముందే నానబెట్టండి. రైస్ కుక్కర్‌లో నీళ్లు కాస్త ఎక్కువ పోయాలి. అద్దె ఇళ్లలో పోపు పెట్టగానే పొగ అలారం మోగుతుంది, ఎండు మిరపకాయలు వేసే ముందే ఫ్యాను వేసి కిటికీ తీయండి. తొలిరోజుకు పులిహోర, దద్దోజనం ఇంటి నుంచే కలిపి తీసుకెళ్తే మహా సుఖం.

కారులో తినే వస్తువు ఏదీ రాత్రి ఉంచకూడదు. ఎలుగుబంట్లు ఊళ్లోకే వస్తాయి, కారు తలుపు పిడి లాగి తెరవడం వాటికి తెలుసు. లోపలికి దూరాక తలుపు మూసుకుపోతే బయటికి రాలేక సీట్లన్నీ చీల్చేస్తాయి. పాప సీట్లో పడిన బిస్కెట్ ముక్కలు కూడా దులపండి. ఆవకాయ సీసా, చూయింగ్ గమ్, సబ్బు, అన్నీ ఇంట్లోకి తెచ్చుకోవాలి. చెత్తను ఇంటి ముందుండే ఇనుప పెట్టెలో వేసి గడియ పెట్టండి.

పైన్‌చెట్టు (రీనో)

దక్షిణ తీరం ఖాయమైంది కాబట్టి నా వాదన వదిలేస్తున్నాను. రెండు విన్నపాలు మాత్రం.

జెఫైర్ కోవ్ వెళ్లే దారిలో, కాస్త ముందుకు పోతే, సొరంగం ఉన్న పెద్ద రాతి గుట్ట వస్తుంది. కేవ్ రాక్ అంటారు. టాహో వాషో జాతివారి సరస్సు, ఆ గుట్ట వారికి పవిత్ర స్థలం. వారి పోరాటం వల్లే ఆ రాతి గుట్ట ఎక్కే క్రీడను నిషేధించారు. కొండ మీద గుడి ఉన్న ఊళ్లలో పెరిగినవాళ్లం, మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. పాపకు, తమ్ముళ్లకు ఆ పేరు చెప్పండి.

రెండోది చెత్త. 1968లో శాస్త్రవేత్తలు తెల్లటి పళ్లాన్ని నీటిలోకి దించి చూస్తే సగటున 102 అడుగుల లోతు దాకా కనిపించేది. ఇప్పుడు 60, 70 అడుగుల మధ్యే మాయమవుతోంది. రోడ్ల మీది సన్నటి దుమ్ము, నీటిలో పెరిగే సూక్ష్మజీవులు ప్రధాన కారణాలు. 2023 జూలై 4 మర్నాడు జెఫైర్ షోల్స్‌తో సహా కొన్ని తీరాల్లో స్వచ్ఛంద సేవకులు నాలుగు టన్నుల దాకా చెత్త ఎత్తారు. ఒక్క రాత్రి పండుగ సందడి అది. వెళ్లేటప్పుడు ఒక సంచి ఎక్కువ తీసుకెళ్లండి. సొంత కయాక్ తెస్తే బాగా కడిగి, ఆరబెట్టి తేవాలి. ఇతర చెరువుల నుంచి వచ్చే నత్తగుల్లలు, కలుపు నాచు ఇక్కడ పాతుకుంటే ఇక వదలవు.

కృష్ణాతీరం (శాన్‌హోసే)

నిన్న రాత్రి అమ్మను అడిగాను. "కాసినో అంటే సినిమాల్లో చూపిస్తారే, అదేనా? చూద్దాం పద" అంది. నాన్న మాత్రం డిక్సీ పడవ గురించే అడుగుతున్నారు, నాగార్జునసాగర్‌లో లాంచీ ఎక్కి కొండకు వెళ్లిన రోజులు గుర్తు చేసుకుంటూ. శారద గారు చెప్పినట్టే కింది అంతస్తులో పడకగది ఉన్న ఇల్లు దొరికింది. హాట్ టబ్ కూడా ఉంది, రాత్రి పది తర్వాత బయట గట్టిగా మాట్లాడవద్దని ఇంటివారు రాశారు.

ఒక సందేహం. 22 శుక్రవారం పొలాల అమావాస్య. అమ్మ పొద్దున పూజ చేసుకుంటుంది కాబట్టి ఆ పూట ఎక్కడికీ కదలం. ఆ రోజు సాయంత్రం స్టేట్‌లైన్, శనివారం పడవ అనుకుంటున్నాం. శుక్రవారం కాసినోల దగ్గర జనం మరీ ఎక్కువా?

రాత్రిపక్షి (ఫ్రీమాంట్)

శనివారం కంటే నయమే. శుక్రవారం రాత్రి బే ఏరియా నుంచి వచ్చేవాళ్లు ఇంకా దారిలోనే ఉంటారు, తొమ్మిది దాకా ఊరు ఖాళీగా ఉంటుంది. పెద్దవాళ్లతో వెళ్లడానికి అదే మంచి వేళ. తమ్ముళ్లు వాళ్లను ఇంటికి దించి మళ్లీ వెళ్లవచ్చు.

అమావాస్య అంటే గుర్తొచ్చింది. చంద్రుడు ఉండడు కాబట్టి ఆ రెండు రాత్రులూ ఆకాశం చూడాలి. శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు కాసినోల వెలుగుకు దూరంగా, పశ్చిమాన బాల్డ్విన్ బీచ్ దాటి కొన్ని మైళ్లు వెళ్లి, రోడ్డు పక్కన కారు సురక్షితంగా ఆపగల చోట దిగండి. దక్షిణాన వృశ్చికం కనిపిస్తుంది, ఎర్రగా మెరిసేది జ్యేష్ఠ. దాని పక్క నుంచే పాలపుంత లేస్తుంది. కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఇరవై నిమిషాలు పడుతుంది, ఆలోగా ఎవరూ ఫోను తీయకూడదు. ఆగస్టులో కూడా రాత్రి ఐదారు డిగ్రీలకు పడిపోతుంది, పెద్దవాళ్లకు స్వెటరు, చెవులకు మఫ్లరు, పాపకు దుప్పటి ఉండాలి.

గంటస్తంభం అత్తయ్య (విజయనగరం, ప్రస్తుతం ఆస్టిన్)

పొలాల అమావాస్యకు కంద మొక్క అక్కడ దొరకదు బాబూ. శాన్‌హోసేలోనే సంపాదించి, గురువారం కారులో తడిగుడ్డ చుట్టి తీసుకెళ్లండి. దొరక్కపోతే పసుపు మొక్క పెట్టుకొని చేసుకుంటారు. మీ అమ్మగారికి తెలిసే ఉంటుంది. గారెల పిండి అక్కడ రుబ్బడం కుదరదు, ముందే రుబ్బి ఐసు పెట్టెలో పెట్టండి.

వంటిల్లు (రోజ్‌విల్)

అత్తయ్యగారూ, గారెల నూనె గురించి ఒక మాట కలుపుతాను. కాగిన నూనె చల్లారాక సీసాలో పోసి ఇంటికే తెచ్చుకోండి, సింకులో గానీ పెరట్లో గానీ పోయవద్దు. ఆ వాసనకు ఎలుగుబంటి తిన్నగా వంటింటి తలుపు దగ్గరికే వస్తుంది. వేయించేటప్పుడు కిటికీ తెరిచినా, పని కాగానే గడియ వేయండి.

కృష్ణాతీరం (శాన్‌హోసే)

గారెలు సరే, పిండి ముందే రుబ్బి పెడతాం. చివరి ప్రశ్న: ఆదివారం తిరుగు ప్రయాణం ఎన్నింటికి? సోమవారం పొద్దునే ఆఫీసు ఉంది.

సియెర్రా శారద (ఫాల్సమ్)

పొద్దున ఎనిమిది లోపు బయలుదేరాలి, కుదరకపోతే సాయంత్రం ఏడు దాటాక. మధ్యలో బయలుదేరితే హైవే 50 మీద ఎకో సమ్మిట్ కనుమ ఎక్కడానికే గంటకు పైగా పడుతుంది, మామూలుగా నాలుగు గంటల దారి ఆరు దాటుతుంది. పొద్దునే వస్తే ఫాల్సమ్‌లో మా ఇంటి దగ్గర ఆగండి. ఇడ్లీ, కాఫీ సిద్ధంగా ఉంటాయి, మీ నాన్నగారు కాసేపు కాళ్లు చాపుకుంటారు. ఫోను నంబరు విడిగా పంపుతున్నాను.